మూతి వంకరదా, మూడు కాళ్ళదా, నడుం పడిపోయినదా: ఏ కుక్క మీ ఇంటికి కుదురుతుంది?

ఫోన్‌లో ఫోటో చూసి మనసు కరిగిపోయి ఆ రాత్రికే "మేం తీసుకుంటాం అండి" అని మెసేజ్ పెట్టేసేవాళ్ళు మా వైపు కూడా బాగానే పెరిగారు, మా వైపంటే దక్షిణ ఒడిశాలో రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి, ఇటు బరంపురం దాకా. సంతోషమే. కానీ అలా తీసుకెళ్ళిన కుక్కల్లో కొన్ని కొన్నాళ్ళకే మళ్ళీ ఎవరో ఒకళ్ళ గుమ్మం ముందుకి వచ్చేస్తున్నాయి, ప్రేమ లేక కాదు, ఏ లోపం ఉన్న కుక్కకి ఇంట్లో ఎంత పని ఉంటుందో ముందు ఎవరూ చెప్పకపోవడం వల్ల.

నా లెక్క ఏంటంటే, చూడగానే భయం వేసే కుక్కకి చాకిరీ చాలాసార్లు ఏమీ ఉండదు, చూడగానే అయ్యో అనిపించే కుక్కకి చాకిరీ రోజంతా ఉంటుంది. మూతి సగం లేనిది, చెవి తెగిపోయింది, ఒంటికన్నుది, ఒంటి మీద వెంట్రుకే లేనిది, వీటిని ఎవరూ అడగరు. చక్రాల బండి కట్టుకుని వీడియోలో పరిగెత్తే కుక్కని మాత్రం అందరూ అడుగుతారు. బండి విప్పేశాక మిగతా రోజంతా అది ఎలా ఉంటుందో, దానికి పాస్ ఎవరు పోయిస్తారో వీడియోలో ఉండదు కదా. అందుకని ఇక్కడ రూపాన్ని బట్టి కాకుండా పనిని బట్టి పోల్చి చెప్తాను, తక్కువ పని దాని నుంచి ఎక్కువ పని దాని వరకు.

దానికంటే ముందు ఒక మాట, ఇది దాటేసి కిందకి వెళ్ళకండి. రోడ్డు మీద ఇవాళే కొత్తగా కనిపించిన కుక్క వేరు, ఎవరి దగ్గరో కొన్ని వారాలుగా ఉండి తింటూ తిరుగుతున్న కుక్క వేరు. దవడ వేలాడిపోయి చొంగ కారుతోంది, మింగలేకపోతోంది, వెనక కాళ్ళు తూలుతున్నాయి, అంటే అది వైకల్యమే అయ్యుండాలని లేదు, రేబిస్ కూడా అలాగే ఉంటుంది, అన్ని రేబిస్ కుక్కలూ మీద పడి కరవవు, కొన్ని ఓ మూల మౌనంగా పడి ఉంటాయి. అలాంటిదాని నోట్లో ఎముక ఇరుక్కుందేమో అని చెయ్యి పెట్టేవాళ్ళని చూశాను, దయచేసి వద్దు. డాక్టర్‌కి కబురు పెట్టండి, దూరం నుంచి చూడండి. లక్షణాలు బయటపడిన రేబిస్ కుక్క మామూలుగా పది రోజులు దాటి బతకదు, అందుకే పాత లోపంతో నెలల తరబడి బాగా బతుకుతున్న కుక్క గురించి ఆ కంగారు అక్కర్లేదు. కరిచినా, గోరు గీసుకున్నా, మీ పుండు మీద నాకినా సబ్బు పెట్టి కుళాయి కింద 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్ళి సూది వేయించుకోవాలి, పసరు మందులూ కారం పెట్టడాలూ ఏమీ వద్దు. ఎలాంటి కుక్కని తెచ్చుకున్నా ముందు దానికి రేబిస్ టీకా, తర్వాతే మిగతా ముచ్చట.

రూపం మాత్రమే వేరైన కుక్కలు

నా ఓటు మొదట వీటికే. వీధిలో పెరిగిన కుక్కకి పురుగులు పట్టి చెవి పోయిందనుకోండి, చిన్నప్పుడు పందుల వలలోనో ఉచ్చులోనో చిక్కి మూతి మీద మచ్చ పడిందనుకోండి, బండి గుద్ది దవడ ఒక పక్కకి అతుక్కుందనుకోండి, గాయం మానిపోయాక అది మామూలు కుక్కే. అన్నం తింటుంది, గేటు దగ్గర అరుస్తుంది, మీ వెనకాలే తిరుగుతుంది. దవడ వంకరగా అతుక్కున్నదానికి మాత్రం అన్నం కాస్త మెత్తగా కలిపి, అంచు తక్కువున్న వెడల్పు పళ్ళెంలో పెట్టాలి, నీళ్ళు తాగేటప్పుడు సగం కింద పోస్తుంది, తుడుచుకోవడమే. ఒంటికన్నుదైతే కన్ను లేని వైపు నుంచి హఠాత్తుగా తాకకుండా ఒకసారి పిలిస్తే చాలు.

ఫిలిప్పీన్స్‌లో జాంబొవాంగా అనే ఊళ్ళో కబాంగ్ అని ఒక నాటు కుక్క ఉండేది. 2011లో మోటార్‌సైకిల్ కింద పడబోయిన ఇద్దరు ఆడపిల్లలకి అడ్డం వెళ్ళి ముక్కూ పై దవడా పూర్తిగా పోగొట్టుకుంది. జనం చందాలు వేసుకుని దాన్ని అమెరికాలో కాలిఫోర్నియా యూనివర్సిటీ పశువైద్యశాలకి పంపారు, అక్కడ మూతి కొత్తగా పెట్టలేదు, పెట్టడం కుదరదు కూడా, గాయం మూసి ఇన్‌ఫెక్షన్ రాకుండా చేసి 2013లో ఇంటికి పంపించారు. 2021 వరకు బతికింది, మూతి లేకుండానే. అంత జరిగిన కుక్కే అన్నేళ్ళు బతికితే చెవి తెగిన కుక్కకి ఏం తక్కువ చెప్పండి.

ఈ గుంపులోకే గజ్జి కుక్కలూ వస్తాయి. వెంట్రుకలన్నీ రాలిపోయి చర్మం ఏనుగు తోలులా మందంగా అయిపోయి వాసన వేస్తుంటే జనం రాళ్ళేసి తరుముతారు, కానీ పూర్తిగా నయమైపోయే లోపాల్లో ఇదొకటి. ఇప్పుడు నమిలే బిళ్ళలు వచ్చాయి, బ్రవెక్టో, నెక్స్‌గార్డ్ లాంటివి, డాక్టర్ బరువు చూసి రాస్తారు, రెండు మూడు నెలల్లో వెంట్రుక వచ్చేస్తుంది, అప్పుడు చూస్తే అదే కుక్కా అనిపిస్తుంది. గజ్జిలో ఒక రకం మనుషులకి కూడా దురద పెడుతుంది, ఇంకో రకం పెట్టదు, ఏ రకమో డాక్టర్ చర్మం గీకి చూసి చెప్తారు, తేలేదాకా దాన్ని పిల్లల పక్కలోకి రానివ్వకండి. వాడేసిన ఇంజినాయిలు పూయడం మా దగ్గర మెకానిక్ షాపుల పక్కన ఇంకా జరుగుతోంది, దాన్ని నాకి కుక్క చచ్చిపోగలదు, అది వైద్యం కాదు.

మూతి మీదో జననాంగం దగ్గరో కాలీఫ్లవర్‌లా గడ్డ వేలాడుతూ రక్తం కారే కుక్కలని చూసే ఉంటారు. కుక్కకి కుక్క నుంచి అంటుకునే గడ్డ అది, మనకి రాదు. క్యాన్సరే గానీ వారానికోసారి చొప్పున విన్‌క్రిస్టీన్ ఇంజెక్షన్ కొన్ని వారాలు వేయిస్తే ఎక్కువ భాగం పూర్తిగా తగ్గిపోతుంది. క్యాన్సర్ అనగానే పారిపోవద్దనే చెప్పడం.

ఇక నలుపు. నల్ల కుక్క ఇంట్లోకి వద్దు అనేవాళ్ళూ, నల్ల కుక్క కాలభైరవుడి వాహనం అని దండం పెట్టేవాళ్ళూ ఒకే వీధిలో ఉంటారు, ఒక్కోసారి ఒకే ఇంట్లో. కళ్ళ పైన రెండు చుక్కలుంటే నాలుగు కళ్ళ కుక్క, యముడి కుక్క అంటారు, ఋగ్వేదంలో యముడి కుక్కలు నాలుగు కళ్ళవే, నిజమే, కానీ ఆ సూక్తంలో వాటిని చచ్చినవాళ్ళకి దారి కాసే కావలివాళ్ళుగా చెప్పి, వాటి చేతికే మనిషిని అప్పగించి క్షేమం ఇమ్మని యముణ్ణి అడుగుతారు. మా పక్కింటి మామ్మగారికి ఇదే చెప్తే "అయితే కాపలాకి మంచిదే కదే, ఉండనీ" అన్నారు. ఇంట్లో పెద్దవాళ్ళతో వాదన పెట్టుకోకుండా ఇలా కూడా పని జరుగుతుంది.

మూడు కాళ్ళది

రెండో స్థానం దీనికి. ఆపరేషన్ చేసి కాలు తీసేసిన కుక్క కుట్లు మానిన కొన్నాళ్ళకే పరిగెడుతుంది, కుర్ర కుక్కలైతే మనం ఆశ్చర్యపోయేంత తొందరగా. కాలు తీసేయాలి అని డాక్టర్ అంటే మనకి ఏడుపొస్తుంది గానీ, చచ్చుబడి ఈడ్చుకుపోతూ నేల మీద రాసుకుని పుండై పురుగులు పట్టే కాలు ఉండటం కన్నా లేకపోవడమే దానికి సుఖం.

ఇందులో కూడా తేడా ఉంది. కుక్క తన బరువులో సుమారు 60 శాతం ముందు కాళ్ళ మీదే మోస్తుంది, కాబట్టి వెనక కాలు పోయినదాని కంటే ముందు కాలు పోయినదానికి కష్టం ఎక్కువ, మెట్లు దిగేటప్పుడు మూతి మీద పడిపోతుంది. మీది మేడ మీద అద్దె ఇల్లయితే వెనక కాలు లేనిది తెచ్చుకోండి, నేల మీద ఇల్లూ మట్టి పెరడూ ఉంటే ఏదైనా ఒకటే. రెండింటికీ ఉమ్మడి శత్రువు మార్బుల్, టైల్స్. ఇప్పుడు కొత్తగా కట్టే ప్రతి ఇంటికీ అద్దంలాంటి టైల్సే కదా, వాటి మీద మూడు కాళ్ళ కుక్క ప్రతిసారీ జారి ఉన్న కీలు కూడా పాడు చేసుకుంటుంది. కొబ్బరి పీచు పట్టాలో పాత గోనె పట్టాలో అది తిరిగే దారి పొడుగునా వేస్తే సరిపోతుంది, గోళ్ళు కత్తిరిస్తూ ఉండాలి.

బరువు పెరగనివ్వకూడదు, ఇదే అన్నిటికన్నా ముఖ్యం, జాలిపడి మూడు పూటలా చికెన్ రైస్ పెట్టేస్తుంటారు. పక్కటెముకలు చేతికి తగిలేటట్టు ఉండాలి, కంటికి కనపడేంత సన్నం అక్కర్లేదు. వయసు మీద పడ్డాక కీళ్ళ నొప్పులు వస్తాయి, వచ్చినప్పుడు మన ఇంట్లో ఉన్న డైక్లో బిళ్ళో, బ్రూఫెనో, పారాసిటమాలో వేసేయకండి, వాటితో కడుపులో పుండు పడి, కిడ్నీయో లివరో పోయి కుక్కలు చనిపోతాయి. కుక్కలకి వేరే నొప్పి మందులున్నాయి.

గుడ్డిదా, చెవిటిదా

ఈ రెండింటి మధ్య ఊగే వాళ్ళే ఎక్కువ, పైగా దాదాపు అందరూ చెవిటిదే సులువనుకుంటారు. నేను ఒప్పుకోను, కనీసం మన ఊళ్ళలో ఒప్పుకోను.

గుడ్డి కుక్క ఇంటిని ముక్కుతో, మీసాలతో, అడుగులతో బట్టీ పట్టేస్తుంది. మంచం ఎక్కడుందో, నీళ్ళ గిన్నె ఎక్కడుందో, గడప ఎంత ఎత్తో కొద్ది రోజుల్లో దానికి వచ్చేస్తుంది, ఆ తర్వాత చుట్టాలొచ్చి "దీనికి కళ్ళు లేవా?" అని మిమ్మల్నే అబద్ధాలకోరుని చూసినట్టు చూస్తారు. మీరు చేయాల్సింది సామాన్లు జరపకపోవడం, దగ్గరికి వెళ్ళే ముందు పేరు పెట్టి పిలవడం. ఇంట్లో ఇంకో కుక్క ఉంటే దాని మెడకో మువ్వ కట్టండి, ఆ చప్పుడు వెనకే నడుస్తుంది. ప్రమాదం అంతా ఇంటి బయట ఉంది: గట్టు లేని నుయ్యి, మూత లేని డ్రైనేజీ, చెరువు గట్టు, ఇల్లు కట్టడానికి తీసిన గుంతలు. పర్లాకిమిడి చుట్టుపక్కల పల్లెల్లో పెరట్లో నుయ్యి ఉన్న ఇళ్ళు ఇంకా చాలా ఉన్నాయి, ఆ ఇంటికి గుడ్డి కుక్క వద్దు, లేదంటే ముందు నుయ్యికి జాలీ వేయించి అప్పుడు తెచ్చుకోండి.

ఇంకోటి అడగాలి, ఎందుకు గుడ్డిదయ్యింది అని. పుట్టుకతోనో పాత దెబ్బతోనో అయితే గొడవ లేదు. కన్ను ఉబ్బి, ఎర్రగా, మబ్బు పట్టినట్టు ఉండి తల ఎప్పుడూ గోడకి ఆనించి ఉంటుందంటే లోపల ఒత్తిడి పెరిగి విపరీతమైన నొప్పి ఉందేమో, అలాంటి కన్ను తీసేసి కుట్టేస్తే కుక్క మర్నాటి నుంచే హుషారవుతుంది. పిడుదుల జ్వరం వల్ల కూడా కళ్ళు పోతాయి, అది రక్తపరీక్షలో తెలుస్తుంది, మందు ఉంది. మా కొండ ప్రాంతంలో వానాకాలం పిడుదులు ఎలా ఉంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

చెవిటి కుక్క ఇంట్లో ఉన్నంతసేపూ హాయి. దీపావళి రోజు ఊళ్ళో కుక్కలన్నీ మంచం కింద వణుకుతుంటే ఇది బోర్లా పడుకుని నిద్రపోతుంది. చేతి సైగలు మాట కంటే తొందరగా నేర్చుకుంటుంది, ఎందుకంటే కుక్కలు ఎలాగూ మన మాటల కంటే మన ఒంటినే ఎక్కువ చదువుతాయి. రమ్మంటే ఒక సైగ, కూర్చోమంటే ఒకటి, శభాష్ అనడానికి బొటనవేలు, చీకట్లో టార్చి వెలిగించి ఆర్పితే పిలిచినట్టు. కానీ ఇంట్లో అందరూ ఒకే సైగ వాడాలి, నాన్న ఒకలా పిల్లలు ఒకలా చేస్తే దానికి పిచ్చెక్కుతుంది.

కష్టం గేటు తెరిచినప్పుడు మొదలవుతుంది. రాయగడలో మెయిన్ రోడ్డు మీద లారీ హారన్ దానికి వినపడదు, మీరు ఎంత అరిచినా వెనక్కి రాదు. అంటే జీవితాంతం తాడు మీదే బయటికి, ఒక్కసారి కూడా మినహాయింపు లేదు, మరి మనది కుక్కని పొద్దున గేటు తీసి వదిలేసి అదే తిరిగొస్తుందిలే అనే అలవాటు కదా. అందుకే అన్నాను కుదరదని. పైగా నిద్రలో ఎవరైనా తాకితే ఉలిక్కిపడి నోరు వేస్తుంది, కోపంతో కాదు బెదురుతో, ఐదేళ్ళలోపు పిల్లలున్న ఇంటికి అది మంచిది కాదు. నేల మీద కాలితో తట్టి లేపడం అందరికీ నేర్పాలి.

ఒళ్ళంతా తెల్లగా ఉండి కళ్ళు నీలంగా ఉన్న కుక్కపిల్లని ఎవరైనా ఇస్తామంటే చెవులు పరీక్ష చేసి తీసుకోండి. డాల్మేషియన్ అయితే మరీను, అమెరికాలో చేసిన పరీక్షల్లో ఆ జాతిలో సుమారు 30 శాతానికి ఒక చెవో రెండు చెవులో వినపడవని తేలింది. మన దగ్గర వాటిని వేలు పోసి కొని, "మాట వినదు, మొండిది" అని వదిలేసేవాళ్ళున్నారు, పాపం దానికి మాట వినపడితే కదా. అది చూడకుండా వెనకాల తాళాలగుత్తి ఊపండి, తలుపు మాత్రం బాదకండి, నేల అదిరితే అది తిరిగి చూస్తుంది, మీరు వినపడిందనుకుంటారు.

డిస్టెంపర్ నుంచి బయటపడ్డది

డిస్టెంపర్ అంటే కుక్క నుంచి కుక్కకి అంటుకునే వైరస్ జబ్బు. దాని నుంచి లేచిన కుక్కని గుర్తుపట్టడం తేలిక, పడుకున్నా కూర్చున్నా ఒక కాలో దవడో తలో ఆగకుండా కరెంటు తగిలినట్టు అదురుతూ ఉంటుంది. దాన్ని చూడలేక జనం వద్దంటారు. జబ్బు తగ్గిపోయింది, నరాల మీద దాని గుర్తు మిగిలింది, అంతే. ఆ అదురు చాలావాటికి జీవితాంతం ఉంటుంది, కానీ తిండికీ ఆటకీ అడ్డం రాదు. కాలిఫోర్నియాలో ఏటా అందవికారమైన కుక్కల పోటీ పెడతారు, 2024లో గెలిచిన వైల్డ్ థాంగ్ అనే పెకినీస్ జాతి కుక్క ఇలాంటిదే, చిన్నప్పుడు డిస్టెంపర్ వచ్చి పళ్ళు సరిగ్గా పెరగక నాలుక ఎప్పుడూ బయటే వేలాడుతుంది, ఒక ముందు కాలు ఆగకుండా కదులుతూనే ఉంటుంది. (అంతకు ముందేడు గెలిచింది స్కూటర్ అని, వెనక కాళ్ళు తిరగబడి పుట్టింది, చంపేయమని ఇచ్చేస్తే ఒక సంస్థ కాపాడింది.) ఎగతాళి పోటీ అనిపిస్తుంది గానీ అక్కడికొచ్చే కుక్కల్లో చాలా మటుకు ఎవరూ వద్దన్నవే, ఇంటివాళ్ళు వాటిని గొప్పగా ఎత్తుకుని చూపిస్తారు.

తీసుకునే ముందు రెండు చూడండి. ఫిట్స్ వస్తున్నాయా లేదా, వస్తుంటే రోజూ టైముకి మందు వేయాలి, ఒక్క పూట మానినా ప్రమాదం, ఉదయం ఎనిమిదికి వెళ్ళి రాత్రి వచ్చే ఉద్యోగస్తులకి ఇది కష్టం. రెండోది, మీ ఇంట్లో వేరే కుక్కలకి టీకాలు పూర్తయ్యాయా, జబ్బు నుంచి లేచిన కుక్క కూడా కొన్ని వారాలు, అరుదుగా నెలలు, వైరస్ వదులుతూ ఉంటుంది. మనుషులకి అంటుకోదు. చిన్న కుక్కపిల్ల ఉన్న ఇంటికైతే ఆగమనే చెప్తాను.

నడుం పడిపోయినది

ఇక అసలు సంగతికి వద్దాం. కారో బండో నడుం మీదుగా వెళ్ళిపోయి వెనక భాగం చచ్చుబడిపోయిన కుక్క. మొహం మామూలుగా ఉంటుంది, కళ్ళు మెరుస్తుంటాయి, ముందు కాళ్ళతో ఈడ్చుకుంటూ మీ దగ్గరికి వచ్చి చెయ్యి నాకుతుంది, అక్కడే మనిషి పడిపోతాడు. నేను దీన్ని వద్దనడం లేదు, కానీ ఏం పని ఉంటుందో తెలిసి ఒప్పుకోమంటున్నా.

చాలా కుక్కలకి మూత్రం దానంతట అది రాదు. రోజుకి మూడు నాలుగు సార్లు పొట్ట కింద రెండు చేతులతో మూత్రం సంచి దొరకబుచ్చుకుని మెల్లిగా నొక్కి పోయించాలి, డాక్టర్ దగ్గర చేత్తో నేర్చుకోవాల్సిందే, వీడియో చూసి రాదు. కారుతూ ఉంటే అది పోస్తోందని మోసపోతారు, సంచి నిండి పొంగి కారుతోందన్నమాట. ఒక పూట వదిలేస్తే ఇన్‌ఫెక్షన్, మూత్రం చిక్కగా మబ్బుగా అవుతుంది, వాసన మారుతుంది, రక్తం పడుతుంది, కిడ్నీ దాకా పోతుంది. అంటే మీరు పెళ్ళికి వెళ్ళాలన్నా తిరుపతి వెళ్ళాలన్నా ఈ పని వచ్చిన ఇంకో మనిషి ఇంట్లో ఉండాలి. ఉన్నారా? అదే మొదటి ప్రశ్న, డబ్బు రెండోది.

తర్వాత పుళ్ళు. ఒకే వైపు పడుకుంటే తుంటి ఎముక దగ్గర చర్మం చితికిపోతుంది, కొన్ని గంటలకోసారి వైపు మార్చాలి, కింద మెత్తటి బొంత, దాని మీద తడి పీల్చే షీటు, రోజూ ఉతకాలి. సిమెంటు గచ్చు మీద ఈడ్చుకుంటే తోలు లేచిపోతుంది, పాత జీన్స్ ప్యాంటు కాలు కత్తిరించి సంచిలా కుట్టి నడుం దాకా తొడిగితే ఇంట్లో తిరగడానికి బావుంటుంది. వానాకాలం ఈగలు ఒక్క రోజు చాలు, ఆ తడిలో గుడ్లు పెట్టేస్తాయి, మర్నాటికి పురుగులు. కిరసనాయిలు, పెట్రోలు పోసేయకండి, పురుగు చస్తుంది, కండ కూడా కాలిపోతుంది. డాక్టర్ దగ్గర వెంట్రుక తీయించి శుభ్రం చేయించండి.

చక్రాల బండి మంచిదే, పీవీసీ పైపులతో మన ప్లంబర్లు కూడా చేసి పెడతారు, కొలతలు సరిగ్గా ఇవ్వాలి, లేకపోతే చంకలో ఒరుసుకుపోతుంది. అందులో అది పడుకోలేదు, అందుకే మొదట్లో పది నిమిషాలు, అలవాటయ్యాక మీరు పక్కనుండి అరగంటో గంటో. రోజంతా కట్టి ఉంచేది కాదు.

"వేలు నొక్కితే కాలు లాక్కుంటోంది, నయమైపోతుంది" అని చెప్పి అంటగట్టేవాళ్ళు ఉంటారు. కాలు లాక్కోవడం వెన్నుపాము దానంతట అది చేసే పని, మెదడుకి తెలియకుండానే జరుగుతుంది. వేలు గట్టిగా నొక్కినప్పుడు కుక్క తల తిప్పి చూసిందా, అరిచిందా, కరవబోయిందా అన్నది చూడాలి. ఆ నొప్పి తెలుస్తుంటే మళ్ళీ నడిచే ఆశ బాగానే ఉంది, ఫిజియోథెరపీ చేయించొచ్చు. దెబ్బ తగిలి వారాలైనా నొప్పి అస్సలు తెలియకపోతే ఇలాగే ఉంటుందని తెలిసే తెచ్చుకోండి.

ఇది కుదిరే ఇల్లు నా కంటికి ఒకటే, పగలు ఎవరో ఒకరు ఇంట్లో ఉండే ఉమ్మడి కుటుంబం, నేల మీద ఇల్లు, వసారాలో కుళాయి, ఇద్దరికి పని వచ్చి ఉండటం. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేస్తూ ఫ్లాటులో ఉంటే, మీరెంత మంచివాళ్ళైనా సరే, వద్దు. దాని బదులు మూతి వంకరదాన్ని తెచ్చుకుని, నడుం పడిపోయిన కుక్కని పెంచుతున్న షెల్టర్‌కి నెలనెలా షీట్ల ఖర్చు పంపండి, ఆ సాయం చిన్నదేం కాదు.

మరి మీకేది

పెద్దవాళ్ళిద్దరే ఉన్న ఇంటికి వయసైన ఒంటికన్నుదో చెవి తెగినదో సరిపోతుంది, కుర్ర కుక్క ఏదైనా సరే లాగి పడేస్తుంది. చిన్నపిల్లలున్న ఇంటికి మూడు కాళ్ళది, దాన్ని చూసి పిల్లలు తెలియకుండానే చాలా నేర్చుకుంటారు. చుట్టూ గోడ ఉండి నుయ్యి లేని ఇంటికి గుడ్డిది. చెవిటిది తాడు పట్టుకుని పొద్దునా సాయంత్రం నడిచే అలవాటున్నవాళ్ళకే. అద్దె ఇంట్లో అయితే ఏ కుక్కకైనా ముందు ఓనర్ మాట తీసుకోండి, తర్వాత "అది చూస్తే మా కోడలికి దడుపు" అంటారు.

ఏదీ కుదరకపోతే ఫోస్టర్ అని ఉంది, గాయం మానేదాకా మీ ఇంట్లో ఉంచుకుని తర్వాత ఇచ్చేయడం. అదీ కుదరకపోతే మీ వీధిలో ఉన్న కుంటి కుక్కకి అక్కడే అన్నం పెట్టి, టీకా వేయించి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించడం. కేంద్రం 2023లో తెచ్చిన కుక్కల జనన నియంత్రణ నియమాల ప్రకారం ఆపరేషనైన వీధికుక్కని మామూలుగా పట్టిన చోటే వదలాలి, చెవి కొస కొంచెం కత్తిరించి ఉంటుంది, ఆ గుర్తు చూసి చెవి తెగిన కుక్క అని జాలి పడకండి మరి.

మనకి అసలు ఇబ్బంది డాక్టర్ల దగ్గర వస్తుంది. ఊళ్ళో ఉండే సర్కారు పశువుల ఆసుపత్రి ఎక్కువగా ఆవులకీ మేకలకీ, టీకాలూ కట్లూ వరకు అక్కడ బాగానే జరుగుతాయి, 1962కి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ కూడా ఉంది. కాలు తీయడం, కన్ను తీయడం, ఎక్స్‌రేలు లాంటివాటికి బరంపురమో విశాఖో వెళ్ళాలి, విజయనగరం దగ్గర గరివిడిలో వెటర్నరీ కాలేజీ ఉంది, భువనేశ్వర్‌లో ఒడిశా వాళ్ళ వెటర్నరీ కాలేజీ ఉంది. విశాఖలో 1996 నుంచి వీఎస్‌పీసీఏ అనే జంతు సంరక్షణ సంస్థ ఉంది, దత్తత కావాలంటే అక్కడ అడగొచ్చు. రాయగడ నుంచి పార్వతీపురం మీదుగా రైలు ఉంది కదా తెచ్చేద్దాం అనుకోకండి, స్లీపర్లో కుక్కని ఎక్కనివ్వరు, ఫస్ట్ క్లాసు కూపే మొత్తం మీ పేరు మీద ఉంటే పక్కన ఉంచుకోవచ్చు, లేదంటే పార్సిల్ ఆఫీసులో బుక్ చేసి గార్డు పెట్టె పక్కన డబ్బాలో పంపాలి. లోపం ఉన్న కుక్కకి ఆ డబ్బా వేడిలో వద్దు, నలుగురు కలిసి కారు మాట్లాడుకోండి.

ఇచ్చేవాళ్ళని ఇవి అడగండి: లోపం ఎప్పటి నుంచి, ఎలా వచ్చింది, ఏ మందులు వాడుతున్నారు, మూత్రం దొడ్డి దానంతట అదే వెళ్తుందా, మనుషులని ఎప్పుడైనా కరిచిందా, కుదరకపోతే వెనక్కి తీసుకుంటారా. చివరిదానికి నసిగితే ఇంకోచోట చూసుకోండి. ఫోన్లో వీడియో అడిగేటప్పుడు బండిలో పరిగెత్తేది కాదు, తిండి తినేదీ, పడుకుని లేచేదీ, ఇంట్లో నడిచేదీ పంపమనండి.

టీకా కార్డూ మందుల చీటీ మాత్రం ఇంగ్లీషులో రాయించుకోండి. ఇవాళ ఇక్కడ ఒడియా డాక్టర్ చూస్తారు, రేపు పార్వతీపురంలోనో పాతపట్నంలోనో తెలుగు డాక్టర్ చూస్తారు, ఏ సూది ఎప్పుడు వేశారో ఇద్దరికీ చదవడం రావాలి.